బంగారుపాళ్యం రోడ్డులో పట్టేసిన ఇంజన్

జిల్లా విడిపోయి తిరుపతి వేరైన ఏడాది నేను చిత్తూరులో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. అదే నా ఆఖరి పోస్టింగు. కాగితాల మీద మా హోదా పేరు ఎంత పొడుగ్గా ఉన్నా జనానికి మేము బ్రేక్ ఇన్‌స్పెక్టర్లమే. ఆడవాళ్లు ఈ ఉద్యోగంలోకి వచ్చిన కొత్తలో నన్ను చాటుగా "బ్రేకు మేడం" అని నవ్వుకునేవారు. రిటైరయ్యే నాటికి ఎదురుగానే, నవ్వకుండా, అదే పేరుతో పిలిచేవారు. లైసెన్సు పరీక్షలు పెట్టడం, లారీలకూ బస్సులకూ ఫిట్‌నెస్ ఇవ్వడం మా పని అని అందరికీ తెలుసు. అంతగా తెలియని పని ఇంకొకటి ఉంది. రోడ్డు ప్రమాదంలో ఎవరికైనా దెబ్బలు తగిలితే, ఆ బండిని పరీక్షించి రిపోర్టు ఇమ్మని పోలీసులు మాకు రాస్తారు. మేము వెళ్లి బ్రేకులు, స్టీరింగు, టైర్లు, లైట్లు చూసి, ప్రమాదానికి బండిలోని లోపం కారణమా కాదా అన్నది తేల్చి రాయాలి.

చాలామటుకు ఆ రిపోర్టులు ఒకే వాక్యంతో ముగుస్తాయి: ఈ ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. రాయడానికి అర నిమిషం కూడా పట్టదు. కానీ దాని అర్థం ఏమిటంటే, తప్పు బండిది కాదు, నడిపినవాడిదే అని. కోర్టులో దాని బరువు చాలా ఉంటుంది.

ఆ ఏడాది జూన్‌లో, మామిడి కాయ దిగుబడి జోరుగా ఉన్న రోజుల్లో, హైవే మీది ఒక పోలీసు స్టేషన్ నుంచి నాకు అలాంటి పిలుపు వచ్చింది. బండి పాత మూడువందల యాభై సీసీ మోటారు సైకిలు. నడిపినవాడు మునిరత్నం, బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటరు. వెనక కూర్చున్నది అతని భార్య రేవతి. కాణిపాకంలో వినాయకుడి దగ్గర బండికి పూజ చేయించుకుని ఇంటికి వస్తుండగా, ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరిన చోట బండి అడ్డం తిరిగి ఇద్దరూ పడిపోయారు. మునిరత్నానికి మణికట్టు బెణికింది. రేవతికి తలకు దెబ్బ తగిలింది. చిత్తూరులో ప్రథమ చికిత్స చేసి తిరుపతికి పంపారు. అక్కడ ఆపరేషన్ అయింది గానీ ఆమెకు ఇంకా స్పృహ రాలేదు.

నేను వెళ్లేసరికి స్టేషన్ ఆవరణ నిండా మనుషులున్నారు. రేవతి అన్న దామోదరం తన వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. మామిడి మండీ నడుపుతాడు, ఆ చుట్టుపక్కల పలుకుబడి ఉన్న మనిషి. భార్యాభర్తలు కాణిపాకంలో గుడి బయట గొడవ పడడం తమ ఊరివాళ్లు చూశారనీ, ఆ కోపంలో మునిరత్నం బండిని ఇష్టమొచ్చినట్టు తోలి చెల్లెల్ని పడేశాడనీ అతని ఫిర్యాదు. బావ తిరుపతి ఆసుపత్రి గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానని అందరి ముందూ చెప్పాడట. చెప్పి ఊరుకోలేదు కూడా, వార్డు బయట ఇద్దరు తమ్ముళ్లను కాపలా పెట్టాడు.

మునిరత్నం వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతికి పుత్తూరు కట్టు ఉంది. నలభై అయిదేళ్లు ఉంటాయేమో, గడ్డం మాసి ఇంకా పెద్దగా కనబడ్డాడు. నన్ను చూసి లేచి నిలబడి, ఆసుపత్రి నుంచి ఫోను ఏమైనా వచ్చిందా మేడం అని అడిగాడు. నేను బండి చూడడానికి వచ్చినదాన్ని అని చెప్పాను. అలాగా అని మళ్లీ కూర్చున్నాడు. తన మీద పెట్టిన కేసు గురించి ఒక్క మాట అడగలేదు.

సబ్ ఇన్‌స్పెక్టరు ప్రతాప్ వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాదు, కాకపోతే తొందర మనిషి. ఒకవైపు దామోదరం మనుషులు, ఇంకోవైపు పై అధికారుల ఫోన్లు. నా రిపోర్టు చేతికి రాగానే మునిరత్నాన్ని అరెస్టు చేసి చిత్తూరు పంపాలని అతని ఆలోచన. బండి దానంతట అదే పట్టేసిందని, వెనక చక్రం బిగుసుకుపోయిందని మునిరత్నం చెబుతున్నాడనీ, అది అబద్ధమనీ నాకు వివరించాడు. రుజువు ఏమిటంటే, బండిని స్టేషన్‌కు తెచ్చాక కానిస్టేబుళ్లు కిక్కు కొట్టి చూశారు. కిక్కు హాయిగా దిగింది. ఇంజన్ పట్టేసి ఉంటే ఎలా దిగుతుంది?

నాకు ఒళ్లు మండింది. ప్రమాదంలో పడ్డ బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. అది కాగితం మీది నియమం మాత్రమే కాదు. పాడైన ఇంజన్‌ను ప్రతిసారి తిప్పినప్పుడూ లోపలి గుర్తులు కొన్ని చెరిగిపోతాయి. ఎవరెవరు కిక్కు కొట్టారు, ఎన్నిసార్లు కొట్టారు అని గట్టిగా అడిగాను. ఇద్దరు కానిస్టేబుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత బండి కదా, చప్పుడు వినాలని సరదా పడ్డారట.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంజన్ పట్టేయడం అంటే లోపల తిరిగే భాగాలు వేడికి ఉబ్బి ఒకదాన్నొకటి బిగబట్టడం. ఆయిల్ అందకపోతే అలా జరుగుతుంది. చల్లారాక లోహం తిరిగి సర్దుకుంటుంది, పట్టు కొంత విడుస్తుంది. కాబట్టి రోడ్డు మీద బిగుసుకున్న ఇంజన్ స్టేషన్‌లో తిరగవచ్చు. తిరిగినంత మాత్రాన మునిరత్నం చెప్పింది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఇది ప్రతాప్‌కు చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు, నమ్మలేదు.

బండిని రేకుల షెడ్డులో పెట్టారు. పాతదే అయినా కొత్తగా నల్లరంగు వేసి, ట్యాంకు మీద బంగారు గీతలు గీయించారు. హ్యాండిలుకు పూజలో వేసిన చామంతి దండ ఇంకా ఉంది. ఒకవైపు అంతా గీరుకుపోయింది. అది మునిరత్నం నాయన బండి అని తర్వాత తెలిసింది. ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు, దాని మీదే పల్లెలన్నీ తిరిగేవాడు. ఆయన పోయాక ఏళ్ల తరబడి కొట్టంలో పడి ఉన్న దాన్ని ఇప్పుడు ఇంజన్‌తో సహా విప్పించి బాగుచేయించారు. ఆ పని చేసినవాడు చిత్తూరులో పాతబండ్ల మెకానిక్కు సామ్యేలు.

నేను వరుసగా చూసుకుంటూ వచ్చాను. ముందు బ్రేకు, వెనక బ్రేకు పని చేస్తున్నాయి. టైర్లు కొత్తవి. చైను తెగలేదు, ఇరుక్కోలేదు. వెనక టైరు మీద ఒకే చోట రబ్బరు అరిగి చదునైంది. అంటే చక్రం తిరగకుండా రోడ్డు మీద ఈడ్చుకుపోయిందన్నమాట. ప్రతాప్ కూడా అది గమనించాడు. స్పీడుగా వస్తూ ట్రాక్టర్లను చూసి బెదిరి వెనక బ్రేకు తొక్కేశాడు మేడం, అంతే అన్నాడు. ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. బ్రేకు తొక్కినా ఆ గుర్తే పడుతుంది.

ఇక ఆయిల్ చూశాను. మూత తీసి పుల్ల ముంచితే నిండుగా ఉంది. చూశారా, ఆయిల్ కూడా సరిగ్గానే ఉండాది అన్నాడు ప్రతాప్. నాకు అక్కడే అనుమానం తగిలింది. సరిగ్గా ఉండడం కాదు, మరీ బాగా ఉంది. కొత్తగా బిగించిన ఇంజన్‌లో తొలి కొన్ని కిలోమీటర్లకే ఆయిల్ మసకబారుతుంది. కొత్త భాగాలు ఒరుసుకుని రాలిన పొడి అందులో సన్నగా మెరుస్తుంది. ఈ ఆయిల్ డబ్బాలోంచి ఇప్పుడే పోసినట్టు తేనె రంగులో ఉంది. కాణిపాకం నుంచి ఇంత దూరం నడిచిన ఇంజన్ ఆయిల్ కాదది.

ఈ రకం పాత ఇంజన్లలో ఆయిల్‌ను ఒక పంపు క్రాంకుకు, అంటే లోపల గిర్రున తిరిగే ఇరుసుకు, తోస్తుంది. అక్కడ పని ముగించుకుని కిందికి కారిన ఆయిల్‌ను రెండో పంపు పైకి లాగి, సన్న పైపు గుండా ఇంజన్ తలకు అందిస్తుంది. మా ప్రాంతంలో మామిడి తోటలకు డ్రిప్ పైపులు వేస్తారు కదా, అలాంటిదే. ఎక్కడో ఒకచోట చిల్లు మూసుకుపోతే దాని తర్వాతి చెట్లన్నీ ఎండుతాయి. నేను పైనున్న సన్న పైపు బోల్టు విప్పి లోపల తెల్లగుడ్డ పెట్టి తుడిచాను. గుడ్డ తెల్లగానే వచ్చింది. ఆ పైపులోకి ఒక్క చుక్క ఆయిల్ రాలేదు.

ఇంజన్ విప్పాలి అని ప్రతాప్‌తో చెప్పాను.

అది మామూలుగా జరిగే పని కాదు. బండి పోలీసు కస్టడీలో ఉన్న వస్తువు. దాన్ని విప్పాలంటే స్టేషన్ అధికారి ఒప్పుకోవాలి, పంచులు, అంటే కేసుతో సంబంధం లేని సాక్షులు, ఉండాలి. వీడియో తీయాలి. ప్రతాప్ గడియారం చూసుకున్నాడు. ఇంత అవసరమా మేడం, బ్రేకులు బాగున్నాయని రాసిస్తే చాలు కదా అని నసిగాడు. చాలదు అన్నాను. విప్పనివ్వకపోతే పరీక్ష పూర్తి కాలేదని రాస్తానని, ఎందుకు కాలేదో కూడా రాస్తానని చెప్పాను. అతను టోపీ తీసి తల తుడుచుకుని సరేనన్నాడు.

ఈ మాట బయటికి పొక్కగానే దామోదరం షెడ్డులోకి దూసుకొచ్చాడు. "బండి ఇప్పేసి లోపల ఏందో ఒకటి సూపించి మా బావను తప్పిస్తారు. ఆ మెకానిక్కు, ఈయప్ప ఇద్దరూ ఒకటే. మా సెల్లెలు ఆడ కండ్లు తెరవకుండా పడుండాది, మీకు ఇంజన్ కావాల్నా?" అని నిలదీశాడు. గొంతు పెద్దదే గానీ కళ్లు ఎర్రగా, నిద్ర లేక ఉబ్బి ఉన్నాయి. నాకు కోపం రాలేదు.

మెకానిక్కు స్పానరు ముట్టుకోడు, ప్రతి బోల్టూ నేనే విప్పుతాను, మీ ఫోన్‌తో మీరే వీడియో తీయండి అని అతనికి చెప్పాను. అనుమానం ఉన్నవాడే దగ్గరుండి చూడడం మంచిదని నా అనుభవం. అతను ఆ మాట ఊహించలేదు. కాసేపు నా ముఖం చూసి, ఫోన్ తీశాడు.

పంచులుగా ఆ వీధిలోని టీకొట్టు యజమానినీ, ఎరువుల షాపతన్నీ పిలిచారు. సామ్యేలును కూడా పిలిపించారు. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటాడు, చొక్కా జేబులో చిన్న బైబిలు. షెడ్డు అంచున నిలబడి చేతులు కట్టుకున్నాడు. అతను ఎంతో పేరున్న మెకానిక్కు. మా ఆఫీసులో పాతబండ్ల ఫిట్‌నెస్ వచ్చినప్పుడు సామ్యేలు చేసిన బండి అంటే నేను సగం నిశ్చింతగా ఉండేదాన్ని. ఆ రోజు మాత్రం అతని వైపు చూడలేదు.

ఇంజన్‌కు కుడివైపున ఒక కవరు ఉంటుంది. పంపు నుంచి క్రాంకుకు పోయే ఆయిల్ దారి ఆ కవరులో నుంచే వెళ్తుంది. మరలన్నీ విప్పి, రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాను. కవరు ఊడి వచ్చింది. దానికీ ఇంజన్‌కూ మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పల్చటి అట్ట ఉంటుంది, మెకానిక్కులు దాన్ని ప్యాకింగ్ అంటారు. పాతబండ్లకు కంపెనీ ప్యాకింగులు దొరకవు. అందుకని మందపాటి అట్టను ఇంజన్ ముఖం మీద పరిచి, అంచుల మీద చిన్న సుత్తితో తట్టుతూ కోస్తారు. సుత్తి పడిన చోటల్లా అట్ట తెగి, కావలసిన ఆకారం వస్తుంది. బోల్టులకూ ఆయిల్ దారులకూ విడిగా పంచ్ పెట్టి కొట్టి చిల్లులు చేస్తారు. తప్పు పద్ధతి కాదది, నేర్పుగా చేస్తే ఎన్నేళ్లయినా నిలుస్తుంది.

ఈ ప్యాకింగ్ పెళ్లి శుభలేఖ అట్టతో కోసింది. ఒక మూలన పసుపు మరక ఇంకా ఉంది. బోల్టుల చిల్లులన్నీ శుభ్రంగా, గుండ్రంగా ఉన్నాయి. ఆయిల్ దారి ఉండాల్సిన చోట చిల్లు లేదు. లోపలి నుంచి పంపు తోసిన ఒత్తిడికి అక్కడ అట్ట గుండ్రంగా ఉబ్బింది, గింజ పట్టిన చిక్కుడుకాయలాగా. ఉబ్బింది గానీ చినగలేదు. సామ్యేలు మంచి అట్టే ఎంచుకున్నాడు.

ఒక సూదిని ఆ ఉబ్బు మీద పెట్టి, వెనకవైపు ఇంజన్‌లోని చిల్లును వేలితో చూపించాను. ఎరువుల షాపతను వంగి చూసి, దారి మూసేసినాడే అన్నాడు. దామోదరం ఫోన్ దించబోయాడు. ఆపవద్దు, తీయండి అన్నాను.

సిలిండరు కూడా ఎత్తాను. పిస్టన్ పక్కలన్నీ నిలువుగా చీరుకుపోయి, అల్యూమినియం కరిగి సిలిండరు గోడకు పూసుకుంది. క్రాంకు మీది బేరింగు వేడికి నీలం తిరిగి, చేత్తో కదిపితే గరగరమంది. బ్రేకు తొక్కితే ఇలా కాదు. బిగించేటప్పుడు లోపల రాసిన కొద్దిపాటి ఆయిల్‌తో ఇంజన్ హైవే దాకా వచ్చింది. అది ఆరిపోయాక ఒక్కసారిగా బిగుసుకుంది, దాంతో చక్రమూ ఆగిపోయింది. మునిరత్నం మొదటి నుంచీ చెప్పింది నిజం.

దామోదరం ఫోన్ పక్కన పడేసి సామ్యేలు మీదికి పోయి చొక్కా పట్టుకున్నాడు. కానిస్టేబుళ్లు విడదీయాల్సి వచ్చింది. సామ్యేలు పెనుగులాడలేదు. ఆ అట్టనే చూస్తున్నాడు. చూసి చూసి నేల మీద కూలబడ్డాడు.

అతను తప్పు ఒప్పుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. చిల్లు పంచ్ కొట్టాలని అట్ట పక్కన పెట్టాడు, ఎవరో పిలిస్తే లేచిపోయి, తిరిగి వచ్చి అలాగే బిగించేశాడు. నా ప్రశ్న అది కాదు. చిల్లు మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది. అందుకే ఇంజన్ బిగించాక ప్రతి మెకానిక్కూ దాన్ని తిప్పి, పైన పైపు బోల్టు అర చుట్టు వదులు చేసి ఆయిల్ చెమ్మ వస్తోందా అని చూస్తాడు. నిమిషం పని. రాకపోతే వెంటనే ఆపేస్తాడు. సామ్యేలు లాంటివాడు ఆ నిమిషం ఎందుకు పెట్టలేదు? బిగించాక తిప్పి చూశావా అని అడిగాను. లేదన్నాడు. ఎందుకు అన్నాను. అతను తలెత్తి వరండాలో ఉన్న మునిరత్నాన్ని చూశాడు. మునిరత్నం వద్దన్నట్టుగా తల అడ్డంగా ఊపాడు. సామ్యేలు నోరు మూసుకున్నాడు.

ఇదే ప్రశ్నను ప్రతాప్ మునిరత్నాన్ని అంతకుముందే అడిగాడట. ట్రయల్ వేయలేదా అంటే వేయలేదన్నాడు, ఎందుకు అంటే మౌనం. ఆ మౌనం చూసే ప్రతాప్ అతన్ని అబద్ధాలకోరు అనుకున్నాడు. నేను సామ్యేలును లోపల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాను.

అక్కడ సామ్యేలు అసలు సంగతి చెప్పాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు మునిరత్నం ఆసుపత్రిలో చావు అంచు దాకా పోయాడు. అప్పుడు రేవతి మొక్కుకుంది: ఈ మనిషి బతికి ఇంటికొస్తే మామగారి బండి బాగుచేయించి, స్వామి ఎదురుగా తొలి కిక్కు కొట్టిస్తాను, అప్పటిదాకా ఆ ఇంజన్ మోగనివ్వను అని. మునిరత్నమే షాపుకు వచ్చి ఆ సంగతి సామ్యేలుకు చెప్పాడు. బండిని చిన్న ట్రక్కులో ఎక్కించి కాణిపాకం తీసుకెళ్లారు. గుడి బయట జరిగిన గొడవ కూడా దీని గురించేనని తర్వాత తెలిసింది. కొత్తగా చేసిన ఇంజన్, నువ్వు ట్రక్కులో రా అని మునిరత్నం, మొక్కు నాది, నేను బండి మీదే వస్తాను అని ఆమె.

ఒక్కసారి తిప్పి చూస్తాను అని నువ్వు అడగలేదా అన్నాను.

"మా దేవుడైతే నేనే ఎట్లో సర్ది సెప్పుకుందును మేడం" అన్నాడు సామ్యేలు. "ఇది వాళ్ల దేవుడికి ఆయమ్మ పెట్టుకున్న మొక్కు. దాన్ని చెరిపేదానికి నేనెవుర్ని? షట్టరేసుకుని గుట్టుగా తిప్పినా వాళ్లకు తెలిసేది కాదు. కానీ నాకు తెలుస్తాది కదా. అందుకే ముట్టుకోలేదు."

ఎదుటివాళ్ల దేవుడి మీద ఇంత గౌరవం ఉన్నవాడు, ఆ ఒక్క అట్టముక్క మీద ఇంకొంచెం ధ్యాస పెట్టి ఉంటే బాగుండేదని కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

నేను గది బయటికి వచ్చేసరికి మునిరత్నం గుమ్మం దగ్గరే ఉన్నాడు. సామ్యేలు చెప్పేశాడని అతనికి అర్థమైంది. మొక్కు సంగతి రాయొద్దని బతిమాలాడు. "ఆమె లేస్తాది మేడం. లేసినాక, నా మొక్కు వల్లనే ఇంత జరిగిందని తెలిస్తే మళ్లీ పడిపోతాది. నన్ను జైల్లో ఏసినా పరవాలేదు, ఆ మాట మాత్రం కాగితం మీద వద్దు" అన్నాడు.

చిక్కు ఇక్కడ వచ్చింది. మొక్కు సంగతి వదిలేస్తే సామ్యేలు ఉత్త నిర్లక్ష్యపు మనిషిగా మిగులుతాడు. డబ్బు తీసుకుని తిప్పి కూడా చూడని పనివాడు అంటారు. రాస్తే మునిరత్నం భయపడేదే జరుగుతుంది. కేసు కాగితాలు కోర్టులో చదువుతారు, అన్నదమ్ములు వింటారు, ఊరు వింటుంది. కాసేపు ఆలోచించి సామ్యేలును ఒకే ప్రశ్న అడిగాను: తిప్పొద్దు అని నీకు వచ్చి చెప్పింది ఎవరు? మునిరత్నమే అన్నాడు. మునిరత్నాన్ని అడిగాను, నిజమే అన్నాడు.

అదే రాశాను. బిగించిన తర్వాత ఇంజన్‌ను నడిపి పరీక్షించలేదు, అది యజమాని కోరిక మేరకు. ఆయిల్ దారి మూసుకుపోవడం వల్ల ఇంజన్ పట్టేసి, వెనక చక్రం బిగుసుకుని ప్రమాదం జరిగింది. ఈ ప్రమాదం వాహనంలోని యాంత్రిక లోపం వల్ల జరిగినది. ఆ కోరిక వెనక ఏముందో రిపోర్టులో అడగరు, నేను చెప్పలేదు. రాసిన ప్రతి మాటా నిజమే. యజమాని కోరిక అన్న మాటతో తప్పులో కొంత తన మీద పడుతుందని మునిరత్నానికి చెప్పాను. పడనీయండి అన్నాడు.

నేను జీపు ఎక్కబోతుంటే దామోదరం వరండా దగ్గరికి నడిచి రావడం కనిపించింది. మళ్లీ ఏం గొడవ జరుగుతుందోనని ఆగాను. అతను బావ ఎదురుగా నిలబడి, నేల చూస్తూ, "రా బావా, కారెక్కు. తిరుపతికి పోదాం. ఆమె లేస్తే ముందు నిన్నే అడుగుతాది" అన్నాడు. మునిరత్నం లేవలేక గోడ పట్టుకున్నాడు. దామోదరం అతని మంచి చెయ్యి పట్టుకుని లేపాడు. అది చూసి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోవడానికి ఏముంది.

రేవతి కోలుకుంది. మెల్లగా, నెలల మీద. సామ్యేలు మీద కేసు నడిచింది, నన్ను సాక్షిగా పిలిచారు, రిపోర్టులో ఉన్నదే చెప్పాను. ఆ తర్వాత కోర్టు అనుమతితో వాళ్లు రాజీపడ్డారు.

నా రిటైర్‌మెంటు దగ్గర పడుతుండగా రేవతి మా ఆఫీసుకు వచ్చింది. మామగారి పేరు మీదున్న బండిని మునిరత్నం పేరుకు మార్చే పని. చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది, ఆపరేషన్ మచ్చ మీద జుట్టు కురచగా మొలిచింది. మునిరత్నం కౌంటరు దగ్గర వరుసలో ఉంటే ఆమె ఒంటరిగా నా గదిలోకి వచ్చి కూర్చుంది. సామ్యేలే మళ్లీ ఇంజన్ చేశాడని, ఈసారి షెడ్డులోనే తిప్పి, పైన బోల్టు వదులు చేసి ఆయిల్ చెమ్మ తనకు చూపించాడని చెప్పింది. తర్వాత అడిగింది.

"వీళ్లెవురూ నాకు సెప్పరు మేడం. మీరైనా నిజం సెప్పండి. ముందే అట్లా తిప్పి సూసుంటే తెలిసుండేదా?"

ఎందుకు తిప్పలేదో ఆమెకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. నేను ముప్పై ఏళ్లు ఇంజన్ల గురించి అబద్ధం రాయలేదు, ఆమెకూ చెప్పలేకపోయాను. తెలిసేది అన్నాను. ఆమె తల దించుకుంది. అప్పుడు మిగతా సగం కూడా చెప్పాను: చిల్లు పెట్టి ఉంటే తెలుసుకోవాల్సిన పనే ఉండేది కాదు, వందసార్లు మొక్కుకున్నా బండి ఇంటికి చేరేది.

ఆమె ఆ మాటను కాసేపు లోపల తూకం వేసుకున్నట్టుంది. "అయితే సరే" అని లేచి, సంతకం యాడ పెట్టాలని అడిగింది. సంతకం ఆమెది అక్కర్లేదు, మునిరత్నానిది చాలు అన్నాను. అయినా కౌంటరు దాకా వెళ్లి అతని పక్కన నిలబడింది.

ఆ కేసు నాకు నేర్పినవి రెండు. చల్లారిన ఇంజన్ తిరుగుతోంది కదా అని అది బాగున్నట్టు కాదు, విప్పి చూడకుండా మనిషి మీద తప్పు రాయకూడదు. రెండోది, ఒక ప్రమాదం వెనక ఎంతమంది నిర్ణయాలైనా ఉండవచ్చు, ప్రేమలూ మొక్కులూ మర్యాదలూ ఉండవచ్చు. ఇన్‌స్పెక్టరు తన రిపోర్టులో కారణమని రాయాల్సింది పంచ్‌తో, సుత్తితో సరిచేయగలిగిన దాన్ని.